రాజుగారి నాటకం, మూడో భాగం

మల్లెకొండనేలే రంగభూపతికి నాటకాలు రాసే పిచ్చి. మొదటి భాగం చివర కథానాయకుడు చచ్చిపోతే జనం బతికిపోయామనుకున్నారు. రెండో భాగంలో వాడు లేచి కూర్చుని సాయంత్రందాకా పద్యాలు పాడాడు.

ఆట ముగిశాక రాజుగారు మరమరాలమ్ముకునే నూకాలును పిలిపించారు.

"కొలువులో అందరూ పొగుడుతున్నారు, నాకు నమ్మకం కుదరడం లేదు. నువ్వు నిజం చెప్పు. అబద్ధమాడితే కొరడా దెబ్బలు" అన్నారు.

మొదటి భాగం గురించి నిజం చెప్పిన వంటవాడు చెరసాలలో ఉన్నాడు. ఆ సంగతి నూకాలుకు తెలుసు.

"నా మాటకేం విలువ దొరా? తమరంటే భయంలేనివాళ్లనడగాలి" అంది.

"అలాంటివాళ్లు ఎక్కడున్నారు?"

"కోట బయట ఉన్నారుగా."

నెల్లాళ్లుగా పక్కరాజు సైన్యం కోటను ముట్టడించి కూర్చుంది. రాజుగారికి ఆ సలహా నచ్చి, మర్నాడు కోటగోడ మీదే ఆట పెట్టించారు. మొదటి భాగానికి శత్రువులు చెవుల్లో దూది పెట్టుకున్నారు. రెండో భాగంలో కథానాయకుడు లేచి కూర్చోగానే గుడారాలు పీకారు. పొద్దువాలేసరికి మైదానం ఖాళీ అయింది.

రాజుగారి ముఖం చిన్నబోయింది. "అంటే బాగాలేదనేగా?"

"శత్రువు పారిపోయాక కత్తి బాగుందా అని ఎవరైనా అడుగుతారా దొరా?"

రాజుగారు మీసం దువ్వుకున్నారు. ఆ సంతోషంలో వంటవాణ్ని విడిచిపెట్టమని, మూడో భాగం రేపే ఊరివాళ్లకు ఆడించమని ఆజ్ఞాపించారు.

 నూకాలు తడబడకుండా, "అంత పదునైనదాన్ని సొంతవాళ్ల మీద దూస్తామా దొరా?" అంది.

నిజమేననిపించి, రాజుగారు మూడో భాగాన్ని ఆయుధశాలలో బల్లేల మధ్య పెట్టించి తాళం వేయించారు.