మడత విప్పని చీర

శేషగిరికి ముద్ద దిగక తొమ్మిది రోజులైంది. పదో రోజు గురువారం. పొద్దున్నే వేటపాలెం వచ్చి, నాంచారమ్మగారి వరండాలో గోడకి జారగిలబడి, "అమ్మా, నాకిక దారి లేదు" అన్నాడు.

"ముందు చెప్పులు విప్పు" అందావిడ.

విప్పాడు. ఆవిడ లోపలికెళ్ళి గ్లాసుడు మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది. సగం తాగాడు, సగం వదిలేశాడు. ఇంకేమీ అడక్కుండా ఆవిడ ఒక చీర మడత విప్పి, రెండో కొస అతని చేతికిచ్చింది.

నాంచారమ్మగారికి డెబ్భై దాటాయి. వయసులో ఉండగా, అచలమనే వేదాంత మార్గం చెప్పే ఒక గురువు దగ్గర బోధ విన్న మనిషి. ఆయన పోయాక ఆయన శిష్యులు ఒక్కొక్కరే ఈవిడ గడప తొక్కడం మొదలుపెట్టారు. తీరా వస్తే ఆవిడ చెప్పేదేమీ ఉండదు. ఆవిడ పని చేనేత సొసైటీకి చీరలు చూసిపెట్టడం. మగ్గం దిగిన ప్రతి చీరా ఆవిడ చేతిమీదుగా పోవాల్సిందే. ఇద్దరు చెరో కొసా పట్టుకుని, చీరని వెలుతురుకి అడ్డంగా చాపి, జానెడు జానెడు జరుపుకుంటూ పోతారు. ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ నేత వదులైంది, అన్నీ ఆ వెలుతుర్లో కనపడతాయి. బాగున్నవి ఎడమ పక్క దొంతర, తప్పున్నవి కుడి పక్క దొంతర. బోధ కోసం వచ్చినవాడి చేతికి ఆవిడ రెండో కొస ఇస్తుంది, అంతే. "ఈ మాత్రం దానికి ఇంత దూరం రావాలా?" అనుకున్నవాళ్ళు రెండో వారం రారు. శేషగిరి ఆరేళ్ళుగా వస్తున్నాడు.

కొస పట్టుకునే, జరిగిందంతా చెప్పాడు.

శేషగిరికి చీరాల గడియారస్తంభం దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే కొట్టుంది. సాయంత్రమయ్యేసరికి ఆ కొట్టు ముందు ఐదారుగురు చేరతారు. అందరిదీ ఒకటే పిచ్చి, క్రిప్టో కాయిన్లు, ఫోన్లోనే కొని ఫోన్లోనే అమ్మే డబ్బు. పెరిగినప్పుడు అమ్మేయాలా, పట్టుకుని కూర్చోవాలా అని ఒకడు. ముప్ఫై శాతం పన్ను కట్టాక మిగిలేదేంటని ఒకడు. ఇది రేపటి బంగారం అని ఒకడంటే, కాదు ఇవాళ్టి పేకాట అని ఇంకొకడు. టీ చల్లారిపోయేది గాని వాదన చల్లారేది కాదు. కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్ళకి ఉండే పూనకం వాళ్ళది. ఆ గుడికి పూజారి శేషగిరి.

"బ్యాంకుని నమ్మొద్దు, కంపెనీని నమ్మొద్దు. నీ తాళంచెవి నీ దగ్గరే ఉండాలి. ఎవర్నీ నమ్మకు, ప్రతిదీ సరిచూసుకో" అని చెప్పేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ విన్నవాళ్ళలో అందరికన్నా అమాయకుడు జాన్ వెస్లీ.

వెస్లీది ఎదురుగా ఫొటో స్టూడియో. అద్దె కొట్టు. శేషగిరి మాట మీద ఐదేళ్ళుగా, పెళ్ళి ఆల్బమ్‌ల మీద మిగిలిందల్లా ఆ కాయిన్ల మీదే పెట్టాడు. వాటి తాళాలూ, ఆ తాళాలు తెరిచే పన్నెండు పదాల రహస్యాలూ అతనికి అర్థం కాలేదు. "ఆ తాళంచెవేదో నీ దగ్గరే ఉంచరా గిరీ. నువ్వుండగా నాకు భయమేంటి" అన్నాడు. ఎవర్నీ నమ్మొద్దని చెప్పినవాణ్ణే పట్టుకుని నమ్మాడు. అప్పట్లో శేషగిరికి అది తప్పనిపించలేదు, గర్వంగా అనిపించింది.

ఈ మధ్య ఆ స్టూడియో గది అమ్మకానికొచ్చింది. వెస్లీ, భార్య మేరీతో ఆలోచించి, కొనుక్కుంటానన్నాడు. "మనవి అమ్మేసి డబ్బు చేసిపెట్టరా" అన్నాడు. అమ్మాలంటే ముందు ఆ కాయిన్లని తన దగ్గర్నుంచి అమ్మే చోటికి పంపాలి. పంపడానికి ఒక చిరునామా ఉంటుంది. పేరూ ఊరూ ఉండవు, నలభై పైచిలుకు అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉంటాయి. దాన్ని మొత్తం చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ మేళం అంతటికీ ఒక అలవాటుంది. మొదటి నాలుగూ చూస్తారు, చివరి నాలుగూ చూస్తారు, సరిపోతే పంపేస్తారు.

శేషగిరి జాగ్రత్తపరుడు. ముందు పరీక్షగా కొంచెం పంపాడు. చేరింది. కొట్టు బయటికొచ్చి నిమ్మళంగా టీ తాగాడు.

ఆ టీ తాగినంతసేపట్లో ఏ దేశంలోనో కూర్చున్న ఒక దొంగ, ఆ పంపకాన్ని కనిపెట్టి, అచ్చం అలాంటి చిరునామా ఒకటి తయారుచేశాడు. మొదటి నాలుగూ అవే, చివరి నాలుగూ అవే. దాన్నుంచి శేషగిరి ఖాతాలోకి పైసో పరకో పంపాడు. దాంతో ఆ దొంగ చిరునామా, ఫోన్లో కనపడే పంపకాల జాబితాలో అన్నిటికన్నా పైకొచ్చి కూర్చుంది. శేషగిరి టీ తాగి వచ్చి, ఇందాక పంపినదే కదా అని, పైనున్నదాన్ని ఎత్తి అతికించాడు. మొదటి నాలుగు చూశాడు. చివరి నాలుగు చూశాడు. పంపేశాడు.

పద్నాలుగు లక్షలు.

"తిరిగి రాదా?" అడిగింది నాంచారమ్మగారు, చీర జరుపుతూ.

"రాదమ్మా. పంపింది ఎవరూ వెనక్కి తీసుకోలేరు. మొర పెట్టుకోడానికి మేనేజరు ఉండడు, ఆఫీసు ఉండదు. ఆ పద్ధతి గొప్పతనమే అదని ఊరంతా టాంటాం వేసింది నేనే."

"పోలీసులు?"

"రాసిచ్చాను. ఒక నంబరిచ్చారు. అది జేబులో ఉంది."

"అయితే రాదు."

"రాదమ్మా."

ఆవిడ ఓదార్చలేదు. రాకపోతుందా అనలేదు. డబ్బు మాయ అన్న మాటా అనలేదు, అనుంటే శేషగిరి అప్పుడే లేచిపోయేవాడు. పోయింది మాయ కాదు, వెస్లీ ఐదేళ్ళు. పెళ్ళిపందిళ్ళలో అర్ధాకలితో నిలబడి కెమెరా మోసిన ఐదేళ్ళు.

"బతకాలని లేదమ్మా" అన్నాడు శేషగిరి.

చీర మీద ఆవిడ చెయ్యి ఆగింది. అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఈ పూట ఇక్కడే అన్నం తిను. రాత్రికి కూడా ఇక్కడే పడుకో" అంది. మళ్ళీ చీర జరపడం మొదలుపెట్టింది.

ఇంకో రెండు చీరలయ్యాయి. అంతలో ఫోన్ మోగింది. వెస్లీ. చేతుల్లో చీరుంది, శేషగిరి ఫోన్‌ని నేలమీదే ఉంచి స్పీకర్ నొక్కాడు.

"ఆఁ, వెస్లీ. బాగున్నావా? పిల్లలు బాగున్నారా?"

"బాగున్నాంరా. గిరీ, రేపు పొద్దున్నే బ్యాంకుకెళ్తన్నాం. మేరీ గాజులూ గొలుసూ పెట్టేస్తే బయానాకి సరిపోద్ది. గది ఓనరు రేపే ఇచ్చెయ్యమంటన్నాడు. నెల్లోపు మిగతాది కట్టకపోతే మాత్రం బయానా పోయినట్టేనంట, కాయితం మీద రాశాడు. మనది రెడీగా ఉందిగా?"

శేషగిరి చీర కొస పట్టుకునే నేలమీది ఫోన్ వైపు చూశాడు.

"మేరీ అయితే ఇప్పుడే బోర్డు రాయిస్తానంటంది, సొంత స్టూడియో అని. ఏరా, ఉన్నావా?"

"ఆఁ... సిగ్నల్ సరిగా లేదురా. మళ్ళీ చేస్తాలే. ఉంటా మరి, జాగ్రత్త."

కాలితో నొక్కి ఫోన్ కట్టేశాడు.

"ఆ అబ్బాయికి చెప్పలేదా?"

"లేదమ్మా."

"రోజూ చేస్తాడా?"

"రోజూ చేస్తాడు. నేనూ ఎత్తుతాను. బాగున్నావా అంటాను. ఉంటా, జాగ్రత్త అంటాను. చెప్పడానికి నోరు రావట్లేదమ్మా. వాడు నన్ను దొంగననుకున్నా పర్లేదు. నమ్మినందుకు వాణ్ణి వాడు తిట్టుకుంటాడు చూడండి, అది తట్టుకోలేను."

ఆవిడ ఇంకా చూడని దొంతర మీంచి తర్వాతి చీర తీసింది. ముదురు వంగపండు రంగు, జరీ అంచు. రెండో కొస అతని చేతికివ్వలేదు. తనే కొంగు వైపు జానెడు వెలుతుర్లో పట్టుకుని చూసింది. మడత విప్పకుండానే తిప్పి, అవతలి కొస జానెడు చూసింది. చదునుగా చెయ్యేసి నిమిరి, ఎడమ పక్క దొంతర మీద పెట్టేసింది.

ఆరేళ్ళలో అలా చెయ్యడం శేషగిరి ఎప్పుడూ చూడలేదు. సొసైటీ ప్రెసిడెంటు కారేసుకొచ్చి తొందరపెట్టిన రోజు కూడా, "కారుని ఆగమను" అని ఆరు గజాలూ చూసిన మనిషి.

"అమ్మా, మధ్యలో చూడలేదు" అన్నాడు.

"మొదలు బాగుంది. చివర బాగుంది."

"మధ్యలో తప్పుంటే?"

"కొని, కట్టుకున్నాక తెలుస్తుందిలే" అంది నాంచారమ్మగారు.

శేషగిరి ఆ చీర వైపు చూశాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. ఒళ్ళో పడిన దారప్పోగులు ఏరుకుంటోంది. వీధిలో ఏదో ఇంట్లో మగ్గం ఆడుతోంది.

అతను ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. రెండుసార్లు తప్పు చోట నొక్కాడు. మూడోసారి మోగింది.

"ఆఁ గిరీ, సిగ్నల్ వచ్చిందా?"

బాగున్నావా అనలేదు శేషగిరి.

"రేపు బ్యాంకుకెళ్ళొద్దు వెస్లీ. బయానా ఇవ్వొద్దు. మేరీ గాజులు తియ్యనీకు."

"ఏంట్రా?"

"డబ్బు లేదురా. పోయింది. నా చేత్తో నేనే వేరే చోటికి పంపేశాను. సరిగ్గా చూడకుండా పంపేశాను. తిరిగి రాదు. అంతా పోయింది. తొమ్మిది రోజులైంది."

అటువైపు స్టూడియోలో ఎవరో పాస్‌పోర్టు ఫొటోలు ఎన్ని కాపీలు వస్తాయని అడుగుతున్నారు. వాళ్ళు మళ్ళీ అడిగారు.

"తొమ్మిది రోజులా?" అన్నాడు వెస్లీ.

"ఆఁ."

"రోజూ మాట్లాడావు కదరా నాతో."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు కూడా రాలేదు, మాట ఆగిపోయిందంతే. తెర మీద వెలుగు కాసేపుండి ఆరిపోయింది.

తిట్టినా బాగుండేది. శేషగిరి రెండు చేతుల్తో ముఖం కప్పుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తొమ్మిది రోజుల్లో అదే మొదటిసారి. దాంతో బరువేమీ దిగలేదు. పద్నాలుగు లక్షలు అక్కడే ఉన్నాయి, ఎవడి చేతుల్లోనో. వెస్లీ ఇక్కడే ఉన్నాడు, రేపు పొద్దున్న కొట్టు తెరిస్తే ఎదురుగా.

నాంచారమ్మగారు ఏడవనిచ్చింది. తర్వాత ఎడమ పక్క దొంతర మీంచి ఆ వంగపండు రంగు చీర మళ్ళీ తీసింది. మడతలు ఒక్కొక్కటే విప్పింది. రెండో కొస తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

అతను పట్టుకున్నాడు. జానెడు జరిగింది. ఇంకో జానెడు జరిగింది. రెండో గజం దాటాక ఒకచోట పోగు తెగి, వేలు దూరేంత సందు. ఇద్దరూ చూశారు. ఆవిడ అక్కడ గుర్తుగా ఎర్రదారం ఒకటి ముడేసింది.

శేషగిరి చేతులు ఆగిపోయాయి. కళ్ళనిండా నీళ్ళు, చీర కనపడటం లేదు.

"కళ్ళు తుడుచుకో, మరక పడుద్ది" అంది నాంచారమ్మగారు. తుడుచుకునేదాకా ఆగింది.

"ఊఁ, పట్టుకో. ఇంకా నాలుగు గజాలుంది."