బుగ్గమ్మ పరుపు, బూడిదరంగు చిమ్మట

"ఆకు రాలె, ఆకు రాలె, అడవి ఒడిలోకి...
రాలినాకు, రాలినాకు..."

ఆ తర్వాతి ముక్క బుగ్గమ్మకు ఎంతకీ గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడిన పాట. సగమే మిగిలింది.

అనగనగా, పిల్లలూ, సముద్రాలకు ఆవల ఉత్తర అమెరికాలో మేపుల్ చెట్ల అడవి ఒకటి. అందులో ఈ బుగ్గమ్మ అనే చారల ఉడుత ఉండేది. గింజలన్నీ బుగ్గల్లో కుక్కుకుని మోస్తుంది, అందుకే ఆ పేరు. చలికాలం అక్కడంతా మంచే. బొరియలో ఎండుటాకుల పరుపు లేకపోతే గడ్డకట్టుకుపోవడమే. అందుకని ముందే ఆకులు పోగేసుకుంది.

ఆ రోజు పోగు కదిపి చూసింది. ఆకులన్నీ చిల్లులు. ఈనెలే మిగిలాయి. మధ్యలో సన్న సన్న పురుగులు, తీరిగ్గా నములుతున్నాయి.

"పిట్టన్నా! నా పరుపు తినేస్తున్నారు, రావయ్యా!"

పురుగుల్ని ఏరుకు తినే పిట్ట తోక నిక్కబెట్టుకుని వాలింది. ఒకరి పోగులో మరొకరు ముక్కు పెట్టాలంటే, పోగు గలవాళ్ళు "ఊఁ" అనాలి. అది ఆ అడవి కట్టుబాటు.

"ఊఁ అను చాలు. ఒక్కటి మిగిలితే అడుగు," అంది పిట్ట.

అప్పుడు పోగు మీది ఎండుటాకు ఒకటి మాట్లాడింది. ఆకు కాదు, చిమ్మట. సీతాకోకచిలుకకు చుట్టం.

"ఆగక్కా! వాళ్ళు నా పిల్లలు. ఊఁ అనేముందు నన్నొకసారి చూడు."

"చూసేదేముంది? పచ్చటి చెట్లను బోడి చేసే జాతి!" అంది బుగ్గమ్మ.

"ఆ జాతి వేరు. చూడక్కా."

బుగ్గమ్మ చూసింది. బూడిదరంగు, అంతే. మళ్ళీ చూసింది. రెక్కల మీద అలలు అలలుగా నల్లటి గీతలు, నీళ్ళు వెనక్కి పోయాక ఇసుకలో మిగిలే గీతల్లా. ఇంకా దగ్గరగా వంగింది. గీతల మధ్య చిక్కుడుగింజలా వంపున్న చిన్న పసుపు మచ్చ. ముఖాన ముందుకు పొడుచుకొచ్చిన బుల్లి ముట్టె.

"ఇంత పనితనం ఎవరు చేశారే నీ మీద?"

"ఏమో అక్కా. పుట్టేసరికే ఉంది. మమ్మల్ని రాలాకుల చిమ్మటలంటారు. పచ్చాకు జోలికి మా పిల్లలు పోరు. చెట్టు వదిలేసిందే వాళ్ళకు అన్నం. కావాలంటే అడుగున తవ్వు."

బుగ్గమ్మ తవ్వింది. నల్లటి మెత్తటి మన్ను, వాన వాసన. అందులో వేలెడంత మేపుల్ మొలక. తలెత్తి ఆకాశాన్నంటే చెట్టును చూసింది. మళ్ళీ ఆ పురుగును చూసింది. పురుగులు నమిలిన రాలినాకే మన్నై చెట్టుకు అన్నమవుతోంది, అమ్మ పాటలో మరిచిన ముక్క ఇదేనేమో అనుకుంది.

"ఊఁ అంటావా లేదా? ఆకలేస్తోంది," అంది పిట్ట.

"ఊహూఁ."

"మరి నీ పరుపో?"

"వేరే రాలాకులు ఏరుకుంటా. పచ్చాకులు తినే పురుగులు పై కొమ్మన ఉన్నాయి, పో!"

"నడుం విరిగితే నన్ననకు," అని పిట్ట ఎగిరిపోయింది.

నడుం విరిగినంత పనే అయింది. ఆఖరి ఆకు బొరియలోకి లాగేసరికి చలిగాలి మొదలైంది. అప్పుడొచ్చింది చిమ్మట, రెక్కలు చిరిగి, పైకి లేవలేక.

"అక్కా, వచ్చే ఏడు నేనుండను కానీ నా పిల్లలకు రెక్కలొస్తాయి. నువ్వు వాళ్ళని గుర్తుపడతావు కదూ?"

నీతి: ఎవరి మీదైనా "ఊఁ" అనేముందు, వంగి దగ్గరగా చూడాలి.