పరీక్ష ముందు పొడుగు ప్రార్థన

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి కాలవ పక్కన ఒక మిషన్ బడి ఉండేదే తల్లీ. దుప్పటి కప్పుకో, చెప్తాను. ఆ బళ్ళో సలోమి అని ఒక టీచరమ్మ. అమ్మా నాన్నా లేని పిల్ల. ఆ మిషను హాస్టల్లోనే పెరిగి, ఆ బళ్ళోనే టీచరయింది. ఆ ఉద్యోగం తప్ప ఆవిడకి వేరే ఆధారం లేదు.

లెక్కలు చెప్పేది. దొంగ మార్కులతో గట్టెక్కడం కంటే తప్పి మళ్ళీ చదువుకోవడం మేలర్రా, దేవుడికి అదే ఇష్టం అనేది. పిల్లలకి ఆవిడంటే ప్రాణం.

హెడ్మాస్టరు జీవరత్నంగారు. మహా భక్తిపరుడులే, మాటల్లో! పరీక్షకి ముందు అందరి చేతా కళ్ళు మూయించి ప్రార్థన చేసేవాడు. మొదట్లో చిన్న ప్రార్థనే. తప్పే పిల్లలు ఎక్కువైనకొద్దీ ప్రార్థన పొడుగైంది. సలోమికి ఎందుకో తెలియలేదు.

ఒకనాడు ప్రార్థన మధ్యలో ఆవిడకి దగ్గొచ్చి కళ్ళు తెరిచింది. ఏముంది, ప్యూను బల్లబల్లకీ జవాబుల చీటీలు పెట్టుకుంటూ పోతున్నాడు. హెడ్మాస్టరేమో వాడికి సైగలు చేస్తూనే దేవుడికి స్తోత్రాలు చెప్తున్నాడు. సిగ్గూ శరం ఉండక్కర్లా?

అప్పుడు ఆవిడ తోటి టీచర్లని అడిగింది. మేం ప్రార్థనలో ఉన్నాం, మాకేం తెలుసన్నారు. ఆ తర్వాత పాస్టరుగారి దగ్గరికెళ్ళి చెప్పుకుంది. ఆయన అంతా విన్నాడు.

"ప్రార్థనలో కళ్ళెందుకు తెరిచావమ్మా?" అన్నాడు.

చూశావా, దొంగని వదిలేసి, దొంగని చూసినదాన్ని పట్టుకున్నారు. బడి కమిటీ విచారణకి కూర్చుంది. ప్రార్థనని అవమానించిందని ఆవిడ మీదే నేరం మోపారు. ఇక సాక్ష్యానికి మిగిలింది పిల్లలే. వాళ్ళని పిలిపించారు.

"చీటీలు వచ్చాయా లేదా, నిజం చెప్పండర్రా. నాకు మీరే దిక్కు," అంది సలోమి.

పిల్లలు ఒకళ్ళ వంక ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి రాహేలు లేచింది. ఆవిడ పక్కన కూచోబెట్టుకుని ఎక్కాలు నేర్పిన పిల్ల.

"చీటీలేం రాలేదు టీచర్. మేమే రాశాం," అంది.

సలోమి ఆ సాయంత్రమే పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ ఏడు బడంతా పాసయింది. కృతజ్ఞతా కూడిక పెట్టి కేకులు పంచారు.

మంచిదానికి ఇదా ఫలితం అని అడక్కు. నాకూ ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత రాహేలు పెద్ద చదువులు చదివి, అదే బళ్ళో టీచరయింది. ఇప్పుడు పరీక్షకి ముందు ఆ పొడుగు ప్రార్థన చేసేది రాహేలే.

కథేమో కంచికి,
సలోమి టీచరు ఇంటికి,
మనమేమో మంచానికి. పడుకో.