గట్టు మీద గుచ్చిన పార

రండర్రా, దగ్గరగా జరగండి. ముందు గోదారి తల్లికి ఓ దణ్ణం పెట్టుకోండి, ఆవిడ ఒడ్డున జరిగిన కథే ఇది. పెట్టారా? మరి ఊఁ కొట్టండి!

అనగనగా కొండల నడుమ గోదారి వొంపు తిరిగే ఒక లోయ. అక్కడికి పడవెక్కి డచ్చివాళ్ళు వచ్చారు. సముద్రానికే గట్టు కట్టి, దానికన్నా పల్లంలో బతికే జనం వాళ్ళు! వాళ్ళల్లో హెండ్రిక్ అని ఒక దొర, అతని పెళ్ళాం గ్రీటా.

వచ్చిన ఏడు వాళ్ళకి తిండి లేదు. అప్పుడు కొండమీది జోగమ్మ గంపెడు జొన్నలు తెచ్చిపెట్టింది. ఆ తర్వాత హెండ్రిక్ ఏటి ఒడ్డున పొలం చేసుకుని, దానికి పెద్ద గట్టు పోశాడు. దాన్ని నమ్ముకుని జోగమ్మ వాళ్ళూ కొండ దిగొచ్చి, గట్టు చాటున గుడిసెలు వేసుకున్నారు.

మొదటి ఏడు గట్టుకి గండి పడింది, పూడ్చారు. రెండో ఏడూ పడింది, పూడ్చారు. మూడో ఏడు చూడండీ, గోదారి ఎర్రగా ఉరుముకుంటూ వచ్చేసింది! గట్టు అంచుదాకా నీళ్ళే!

హెండ్రిక్ గుండె జారిపోయింది. పారని గట్టు మీద నిలువునా గుచ్చి వదిలేశాడు. వాళ్ళ దేశంలో అదొక కట్టుబాటు. పార గుచ్చాడంటే, గట్టు కాయడం నావల్ల కాదు, పొలం వదిలేసి పోతున్నానని అర్థం. ఆ పార ఎవరు పీకితే పొలం వాళ్ళది. గట్టు కాసే భారమూ వాళ్ళదే.

"పద గ్రీటా, పడవెక్కు!" అన్నాడు.

గ్రీటా ఒక కాలు పడవలో పెట్టి వెనక్కి చూసింది. కొండదారిని వాగు అప్పటికే మూసేసింది. గుడిసెల ముందు జోగమ్మ, చంకలో మనవడితో నిలబడి ఉంది.

"ఎక్కడికి దొరసానీ? మరి మేము?"

గ్రీటా కళ్ళు మూసుకుని తన దేవుణ్ణి తలుచుకుంది. పేరేదైతేనేం, వినేవాడు ఒక్కడే కదా! అప్పుడు ఒక్క ఉరుకున గట్టెక్కి, రెండు చేతులా పార పట్టుకుని... మీరూ లాగండర్రా... ఒకటి, రెండు, మూడు! పీకేసింది!

"అయ్యయ్యో, ఏం చేశావే!" అన్నాడు హెండ్రిక్.

"పొలం నాదైంది. ఇక నువ్వు నా కూలివి. తట్ట పట్టవయ్యా, మట్టి మొయ్యి!"

హెండ్రిక్ తట్ట అందుకున్నాడు. జోగమ్మ పకపకా నవ్వి, "నన్నూ పెట్టుకో దొరసానీ, కూలికి!" అంటూ కొంగు బిగించింది. అంతే, గుడిసెలన్నీ కదిలొచ్చాయి! గండి పడితే గడ్డిమోపులు కుక్కారు. మళ్ళీ పడితే వెదురు తడికలు అడ్డం వేశారు. మూడోసారి పడేసరికి కుక్కడానికి ఏమీ మిగల్లేదు!

"ఆ పడవ ఇటు లాగండి!" అంది గ్రీటా.

"అది పోతే మనం ఇంక ఎలా వెళ్తామే?" అన్నాడు హెండ్రిక్.

"ఎవరు వెళ్తున్నారు?"

పడవని బోర్లించి గండికి అడ్డం వేసి, పైన మనుషులే ఎక్కి నిలబడ్డారు! గోదారి తల్లి చూసింది. వేలెడు తగ్గింది, జానెడు తగ్గింది, మూరెడు తగ్గింది. గట్టు నిలిచింది!

ఆ తర్వాత హెండ్రిక్ బురద చేతులు కట్టుకుని, "అమ్మగారూ, నా కూలి?" అన్నాడు.

"జోగమ్మ చేసిన జొన్నరొట్టె. ముందు కాళ్ళు కడుక్కో!"

నా తల్లుల్లారా, ఇదొక్కటి గుర్తుంచుకోండి. ఎవరైనా నావల్ల కాదని పార గుచ్చి పోతుంటే, మీరు వెళ్ళి దాన్ని పీకి చేతబట్టండి. చేస్తారుగా?

వరద పోయె కడలికి, పడవ పోయె గండికి,
కథ పోయె కంచికి, కునుకు వచ్చె కంటికి,
గుచ్చిన ఆ పారేమో ఇక మీ చేతికి!