సుత్తవ్వ తీయని సొట్ట

ఆ ఊళ్ళో మనుషులుండరు. ఉన్నవాళ్ళంతా పాత్రలూ పనిముట్లే. ఊరి మధ్య ఒక కుళాయి. దాని పక్కనే సుత్తవ్వ ఉంటుంది. ఆవిడ కొయ్యసుత్తి, బాగా ముసలిది. ఊళ్ళో ఎవరికి సొట్ట పడినా తీసేది ఆవిడే.

ఆ ఊళ్ళో ఒక ఇత్తడి బిందె ఉండేది. ఆమె మొగుడు రోకలి. రోకలంటే ఊరందరికీ గౌరవం. ఎవరింట్లో పెళ్ళయినా పసుపు దంచడానికి పిలవకుండానే వెళ్ళేవాడు, నవ్వుతూ మాట్లాడేవాడు. "అదృష్టవంతురాలివే" అని తోటి బిందెలంటే ఆమె తలూపి ఊరుకునేది.

ఇంట్లో సంగతి వేరు. నీళ్ళు ఒక్క చుక్క తొణికినా తప్పే, కుళాయి దగ్గర కాస్త ఆలస్యమైనా తప్పే. "ఎవరితోనే అంతసేపు కబుర్లు?" అనేవాడు. వెంటనే దెబ్బ పడేది. మర్నాడు మళ్ళీ అతనే చింతపండు తెచ్చి, ఆమెని తళతళలాడేలా తోమి, "నువ్వు కోపం తెప్పించకపోతే నేనెందుకు కొడతానే? నువ్వు లేకపోతే నేనేమైపోవాలి?" అని ఏడ్చేవాడు. ఊరు చూసింది ఆ మెరుపునే.

దెబ్బ పడ్డప్పుడల్లా బిందె సుత్తవ్వ దగ్గరికి వెళ్ళేది. "ఎక్కడ పడ్డావే?" అని అడగడం సుత్తవ్వ వృత్తిలో ఆచారం. పడిన తీరు తెలిస్తేగాని ఏ వైపునుంచి కొట్టాలో తెలియదు. "గట్టు మీంచి జారిపడ్డానవ్వా" అనేది బిందె. సుత్తవ్వకి తెలియకనా! జారిపడితే సొట్ట వెడల్పుగా, వంకరటింకరగా ఉంటుంది. ఇదేమో లోతుగా, గుండ్రంగా, రోకలి చివర ఉండే ఇనప పొన్నుకి అచ్చంగా సరిపోయేలా ఉంది. అయినా, ఒకళ్ళ సంసారంతో మనకెందుకని ఆవిడ నోరు మూసుకుని, లోపలినుంచి కొట్టి చదును చేసేది. తడిమి చూసినా తెలిసేది కాదు. ఆ పనితనానికి ఆవిడకి గర్వం కూడానూ. ఆ గర్వం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బిందెకి అత్తగారు గంగాళం, రోకలిని కన్నతల్లి. కోడలు ఒకసారి ఏడుస్తూ చెప్పుకుంటే, "మగాడన్నాక ఆమాత్రం చెయ్యి చేసుకోడూ? సర్దుకోవాలమ్మా. నలభై ఏళ్ళు నేను కాపురం చెయ్యలేదూ?" అంది. గంగాళం కాపురానికి ఊళ్ళో చాలా పేరుంది.

ఏడోసారో ఎనిమిదోసారో, సుత్తవ్వ కొట్టబోయి ఆగిపోయింది.

"ఒసేయ్, తీసినచోటే తీసితీసి రేకు కాగితంలా అయిపోయింది. ఇంకొక్క దెబ్బ పడిందా, చిల్లే. ఆ దెబ్బ నాదైనా సరే, వాడిదైనా సరే."

"చిల్లు పడితే ఏమవుతానవ్వా?"

"ఏమవుతావో నీకు తెలీదూ?"

బిందె సొట్టతోనే ఇంటికి తిరిగి వెళ్ళింది. ఇంట్లో ఆమె కూతురు చెంబు ఉంది. తండ్రి లేని పిల్ల అవుతుందేమోనన్న భయంతోనే ఇన్నాళ్ళూ అన్నీ ఓర్చుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె చెంబుని వెంటబెట్టుకుని వచ్చింది. చెంబు నడుం దగ్గర కొత్త సొట్ట, గుండ్రంగా. సుత్తవ్వ ఇంకా నోరు విప్పనేలేదు.

"నేనే జారిపడ్డాను అవ్వా," అంది చెంబు.

ఆ మాట ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు.

సుత్తవ్వ అలవాటుకొద్దీ పనికి లేచింది.

"వద్దవ్వా," అంది బిందె. "దానిదీ తీయొద్దు, నాదీ తీయొద్దు. ఇలాగే వెళ్ళి కుళాయి దగ్గర కూర్చుంటాం. అందరినీ చూడనీ."

"అయ్యో, పరువు పోతుందే!"

"ఎవరి పరువవ్వా?"

సుత్తవ్వ ఉన్నచోటే కూలబడింది.

తల్లీ కూతురూ వెళ్ళి అందరి మధ్యా కూర్చున్నారు. బిందెలన్నీ కబుర్లు ఆపేసి నేల చూపులు చూశాయి. కాసేపటికి రోకలి వచ్చాడు, నవ్వుతూనే.

"ఏంటిది, నలుగురిలో? ఇంటికి పద."

బిందె కదల్లేదు.

"పద అన్నానా!" అంటూ అతను కొట్టడానికి పైకి లేచాడు. ఆ దెబ్బ పడితే బిందె ఇక ఉండదు. ఆ సంగతి బిందెకీ సుత్తవ్వకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. సుత్తవ్వ పడుతూ లేస్తూ వచ్చి అడ్డం నిలబడింది.

"ముందు నన్ను కొట్టరా! నువ్వు కొట్టిన దెబ్బలన్నీ దాచిపెట్టిన పాపిష్టిదాన్ని నేనే!"

ఈ గోలకి గంగాళం కూడా వచ్చింది. ఆవిడ కొడుకు పక్కనే నిలబడుతుందని అందరూ అనుకున్నారు. రోకలీ అదే అనుకున్నాడు. గంగాళం మనవరాలి సొట్టని చాలాసేపు చూసింది. చూసి, కోడలి పక్కన చతికిలబడింది.

"అమ్మాయీ, నువ్వింక ఆ ఇంటికి రాకు," అంది.

అని మెల్లగా ఒళ్ళంతా ఇటు తిప్పింది. ఎప్పుడూ గోడవైపే ఉంచుకునే ఆ పక్కని ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడలేదు. జానెడు చోటు కూడా నున్నగా లేదు. నలభై ఏళ్ళ సొట్టలు. ఒక్కటీ తీయించుకున్నది కాదు.

"ఇవన్నీ మీ నాన్న కొట్టినవిరా," అంది కొడుకుతో. "దెబ్బ పడ్డప్పుడల్లా నువ్వు నా వెనక్కొచ్చి నక్కేవాడివి. వణికిపోయేవాడివి. మర్చిపోయావా?"

రోకలి మర్చిపోలేదు. లేచినవాడు లేచినట్టే ఆగిపోయి, కూతురి కోసం చూశాడు. చెంబు అప్పటికే వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళిపోయింది.