రంగయ్య పెదనాన్న పచ్చిక

అనంతపురంలో రైలు గేటు దగ్గరి వీధిలో మా పెదనాన్న పాండురంగయ్య ఉండేవాడు. మనిషి బంగారమే కానీ, తనకు దాహమేసినప్పుడే గడ్డికీ దాహమేస్తుందని గట్టిగా నమ్మేవాడు.

టెలిఫోన్ ఆఫీసు నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాడు. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, మండుటెండలో పైపు పట్టుకుని ఇంటిముందు పచ్చిక మీద చల్లేవాడు. సగం నీళ్లు ఎండే తాగేసేది. మిగిలినవి పైపైన తడిపి, గేటు కిందుగా వీధిలోకి పారేవి. వేసవి సెలవుల్లో పిల్లలందరం ఆ కాలవలో కాగితం పడవలు వదిలేవాళ్లం.

"పెదనాన్నా, ఇంకాస్త వదులు. నా పడవ ఖాసింబీ అత్త గేటు దగ్గర ఆగిపోయింది" అని నేను ఎగదోసేదాన్ని. ఆయన నిజంగానే వదిలేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్లు చల్లబడతాయి.

పక్కింటి ఖాసింబీ అత్తకూ ఓ చిన్న పచ్చిక ఉండేది. ఆమె తెల్లవారుజామునే లేచి, తన భర్త సైకిల్ షాపు నుంచి తెచ్చిన చక్రం పుల్లను నేలలో గుచ్చేది. సులువుగా దిగితే ఆ రోజు గడ్డికి నీళ్లు లేవు. దిగకపోతే, జానెడు లోతు తడిసేదాకా నిదానంగా పెట్టేది. అదీ నాలుగైదు రోజులకు ఒకసారే. తడి ఆరిపోకుండా మల్లెపొదల మొదట్లో శనక్కాయల పొట్టు పరిచేది.

"రంగయ్యన్నా, రోడ్డుకెందుకు పోస్తావు? అది మొలిచేది కాదు గదా" అనేది గోడ మీంచి.

"నీ గడ్డి ఉపవాసాలతో చిక్కిపోతోంది. ముందు దాని సంగతి చూసుకో చెల్లీ" అనేవాడు పెదనాన్న.

ఆ ఏడు మే నెలాఖరుకు ఆయన రిటైర్మెంటు. ఇరవయ్యేళ్లుగా తన పచ్చిక గురించి చెప్పి చెప్పి ఆఫీసులో అందరి బుర్రలూ తినేశాడు. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అందుకే, "ఆ సాయంత్రం అందరూ మా గడ్డి మీదే కూర్చుని టీ తాగాలి" అని పిలిచేశాడు.

అప్పటిదాకా రోజూ వచ్చే మున్సిపాలిటీ కుళాయి కాస్తా ఏప్రిల్‌లో ఐదు రోజులకు ఒకసారి రావడం మొదలైంది. వారం తిరక్కుండానే పెదనాన్న గడ్డి పసుపెక్కింది. రెండో వారానికి గోనెసంచి రంగుకొచ్చింది. ఆయన వంటింట్లోకి వెళ్లి తాగేనీళ్ల బిందె ఎత్తబోయాడు. పెద్దమ్మ బిందెల ముందు పీట వేసుకుని కూర్చుంది.

"వచ్చినవాళ్లకు టీ గడ్డితో పెట్టమంటారా?" అంది.

పెదనాన్న గోడ దగ్గరికి వెళ్లాడు. అవతల ఖాసింబీ అత్త పచ్చిక పచ్చగానే ఉంది.

"చెల్లీ, నీకు నీళ్లెక్కడివి?"

"నీకొచ్చే కుళాయే నాకూ."

ఆమె తన వైపు ఒక గడ్డి దుబ్బు, ఆయన వైపు ఒకటి పెళ్లగించి పక్కపక్కన పెట్టింది. ఆయన గడ్డి వేళ్లు అర వేలెడు. ఆమె గడ్డి వేళ్లు జానెడు.

"రోజూ పైపైన ముద్దలు తినిపిస్తే, లోపలికి దిగి వెతుక్కునే పని దానికేముందన్నా?"

"మే నెలాఖరుకు బతుకుతుందా?"

"బతకదు. కుర్చీలు మా వైపు వేయించు."

ఆ సాయంత్రం పాతికమంది ఖాసింబీ అత్త పచ్చిక మీద కూర్చున్నారు. హెడ్ క్లర్కు చెప్పులు విప్పి గడ్డి మీద కాళ్లు చాపుకున్నాడు. "రంగయ్యా, ఇన్నేళ్లూ కోతలు కోస్తున్నావనుకున్నాం. నిజమేనయ్యా" అన్నాడు.

పెదనాన్న చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఆ పొగడ్త ఎలా మింగుతాడా అని నేను వెనక నిలబడి నవ్వు ఆపుకుంటున్నాను. ఆయన మింగలేదు.

"ఇది ఖాసింబీది. నాది గోడ అవతల ఉంది, చూసి రండి. రోజూ నీళ్లు పోసి మరీ ఎండబెట్టాను" అన్నాడు.

 గ్లాసులతో సహా అందరూ లేచి గోడ మీంచి తొంగిచూశారు. హెడ్ క్లర్కు గొంతు తగ్గించి, "నేనూ మధ్యాహ్నమే పోస్తానయ్యా" అన్నాడు. ఆపైన పెదనాన్న చీకటి పడేదాకా వాళ్లకు వేళ్ల సంగతి చెబుతూనే ఉన్నాడు.

నీతి: మొక్క అవసరం తెలుసుకుని పోసేవాడికి కొద్ది నీళ్లే సరిపోతాయి, తెలుసుకోకుండా పోసేవాడికి ట్యాంకర్లు తెచ్చినా చాలవు.