బొల్లోడి గిట్టలో ముల్లు

నోరు తెరిచి ఎవరితోనూ అనని సంగతి ఇది. మూడు రోజులుగా నేను కుంటుతున్నది కొత్త చెప్పు కరిచి కాదు. కాలవగట్టు మీద ఉత్తకాళ్ళతో నడుస్తూ తుప్పుమేకు తొక్కాను. మా వీధి ఆడవాళ్ళందరి చేతా పొద్దున్నే చెప్పులు విప్పించి నడిపించేది నేనే. ఇక ఆ మాట గొంతు ఎలా దాటుతుంది? నర్సు మార్తక్క ఎదురొస్తే సందు మార్చేశాను. నా గురించి తిన్నగా చెప్పుకోవడం నాకు రాదు, ఎద్దు నోట చెప్పించడం బాగా వచ్చు. వినండి.

మెట్టపొలం అంచున ఒక పశువుల పాక. అందులో బొల్లోడనే ఎద్దు, చుక్కమ్మనే కోడి, ఆమె ఏడుగురు పిల్లలు. బండి లాగే ఎద్దులన్నిటికీ గిట్టలకు నాడాలుంటాయి. బొల్లోడికి లేవు. నాడాలు కొట్టేవాడు వస్తే చాలు, బుసలు కొట్టి కొమ్ములు విసిరేవాడు.

"ఇనుము తొడుక్కున్న కాలికి నేల మాట వినబడదు చెల్లీ. నాకు బురదలో జారుడు లేదు, గట్టు మీద తడబాటు లేదు. పాక చుట్టూ పిల్లి నడిచినా నా గిట్టకు తెలిసిపోతుంది," అనేవాడు చుక్కమ్మతో.

అది గొప్పలు కాదు, నిజమే. పిల్లల్ని మేతకు వదిలేముందు చుక్కమ్మ రోజూ అడిగేది: "అన్నా, నేలేమంటోంది?" ఆయన నాలుగు కాళ్ళూ ఆనించి నిలబడి, "వదులు" అంటేనే వదిలేది. ఈ కాపలా వల్ల నక్కకు నెలరోజులుగా నీళ్ళే భోజనం.

ఒక ఆదివారం కంకరబాట మీద బొల్లోడి గిట్టల సందులో తుమ్మముల్లు దిగింది. కుంటుకుంటూ వస్తుంటే నక్క చూసింది.

"ఏం మావా, కాలు ఎత్తి వేస్తున్నావు?"

"ఏం లేదు, బెణికింది."

"నా దగ్గర దాపరికమా? ముల్లేగా! ఎవరికీ చెప్పకు. చెప్పావో, 'ఉత్తకాళ్ళ మొనగాడు కుంటాడోచ్' అని ఊరంతా నవ్వుతుంది. తాళ్ళతో పడగొట్టి, కాళ్ళు కట్టి, రేపే నాడాలు దిగ్గొడతారు. రెండు రోజులు ఓర్చుకో, అదే పోతుంది. నేనైతే చచ్చినా బయటపెట్టను."

"నువ్వింత మంచివాడివని తెలియదు బావా," అన్నాడు బొల్లోడు.

మర్నాడు సోమవారం. ఎద్దులకు కాడి కట్టని రోజు. మనుషులు సంతకు పోయారు. గిట్ట సలుపు మోకాలి దాకా పాకింది. కాలు కింద పెడితే నొప్పి తప్ప ఇంకేం తెలియడం లేదు.

"అన్నా, నేలేమంటోంది?"

"ఆ... వదులు."

ఏడు పిల్లలూ గడ్డివామి వైపు పరిగెత్తాయి. వాటి వెనకాల బొల్లోడి గుండె పరిగెత్తింది. వినకుండానే వదలమన్నాను. ఆ ఏడు ప్రాణాలూ ఇప్పుడు నా అబద్ధం మీద తిరుగుతున్నాయి, అనుకున్నాడు.

"చుక్కమ్మా! పిలు, పిల్లల్ని పిలు! నాకేం వినబడలేదు. కాల్లో ముల్లుంది. నిన్నటి నుంచి!"

చుక్కమ్మ ఒక్క కేక పెట్టింది. ఏడూ వచ్చి రెక్కల కింద దూరాయి.

"ఇంత కొండలా పెరిగి ముల్లు దాస్తావా? నా పిల్లలకే బుద్ధి నయం, ఇసుక గుచ్చుకున్నా ఏడుస్తాయి. ఎత్తు కాలు!"

"ఎవరికైనా చెబితే నవ్వుతారన్నాడే నక్కబావ..."

"నక్క చెప్పాడా! ఎందుకు చెప్పాడో ఇప్పటికైనా వెలిగిందా?"

ముక్కుతో పట్టి ఒక్క లాగు లాగింది. ముల్లుతో పాటు చీమూ వచ్చింది. బొల్లోడు కాలు మెల్లగా ఆనించాడు. నొప్పి తగ్గేకొద్దీ నేల మళ్ళీ మాట్లాడింది.

"వామి వెనకే ఉన్నాడు," అన్నాడు గుసగుసగా. "పొట్ట నేలకానించి పాకుతున్నాడు."

చుక్కమ్మ గొంతు పెంచింది. "అయ్యో, చిన్నది రాలేదే! ఒసే, ఆ కంప చాటునే ఉండు, కదలకు. నేనొస్తున్నా!"

నక్క ఆగలేదు. తల్లి కంటే ముందు చేరాలని ఎగిరి కంప చాటుకు దూకింది. అక్కడ పిల్లా లేదు, చాటూ లేదు, దడి కట్టడానికి కొట్టి పడేసిన తుమ్మకంపే ఉంది. నాలుగు పాదాల నిండా ముళ్ళు.

"మావోయ్! చచ్చాను! ఒక్క ముల్లయినా పీకించవూ!"

"ఊరుకో బావా, ఊరు నవ్వుతుంది," అన్నాడు బొల్లోడు. "రెండు రోజులు ఓర్చుకో. నేనైతే చచ్చినా బయటపెట్టను."

నక్క కుయ్యోమంటూ, మోకాళ్ళ మీద దేక్కుంటూ పోయింది.

ఆ తర్వాత కంకర తోలే రోజులొస్తే బొల్లోడు తనే వంగి నాడాలు కొట్టించుకున్నాడు. పల్లపు వరిమళ్ళలో దమ్ము చేసే రోజులకు అవి ఊడదీయించుకుని బురదలో హాయిగా ఉత్తకాళ్ళతో దిగాడు. ఎవరూ నవ్వలేదు.

నేల మాట వినడానికి ఉత్తకాళ్ళు మంచివే, కానీ గుచ్చుకున్నప్పుడు చెప్పుకునే నోరు కూడా ఉండాలి.

ఇంతవరకూ రాసి నా మడమ చూసుకున్నాను. ఎర్రగా వాచి ఉంది. ఎద్దు చేత చెప్పించినంత మాత్రాన అది తగ్గదు. మార్తక్క తిడుతుంది, సూది పొడుస్తుంది, వీధంతా తెలుస్తుంది. తెలియనీ. ఫోను తీశాను, ఆవిడకే చేస్తున్నాను.